పన్నెండు సీట్ల వ్యాను

వచ్చే ఏటి ఖర్చుల పుస్తకం కౌన్సిల్ సభ్యుల చేతికి అందకముందే, అందులో తమ పిల్ల పనికెళ్ళే వ్యానుకు డబ్బు లేదన్న సంగతి ఆ ఇంట్లో తెలిసిపోయింది. కబురు మోసుకొచ్చింది కూతురే. ఇరవై రెండేళ్ళ పిల్ల. పుట్టుకతోనే కాళ్ళు సహకరించలేదు గానీ, చేతులు మాత్రం ఇద్దరి పని చేస్తాయి. ఊరికి అటు చివరన ఉన్న బైండింగ్ కేంద్రంలో పుస్తకాలు కుడుతుంది. నగరపాలక ఆఫీసు నుంచి బడ్జెట్ ముసాయిదా ప్రతులు నలభై, కుట్టి అట్టలు వేయమని అక్కడికే వచ్చాయి. సూది దింపుతూ దింపుతూ ఒక పేజీ దగ్గర ఆగి చదివిందట.

"మన వ్యాను పేరు ఉందమ్మా. పోయినేడు అంకె ఉంది, ఈ ఏడు అంకె ఉంది. వచ్చే ఏడు కింద మాత్రం గీత గీశారు," అంది అన్నం తింటూ, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

తల్లి గరిటె గిన్నెలో వదిలేసి దగ్గరికొచ్చింది.

ఆ తల్లిని వీధిలో అందరూ జాగ్రత్తమ్మ అంటారు. ఎవరు గుమ్మం దిగుతున్నా, చివరికి చందాలకు వచ్చినవాళ్ళు వెళ్ళిపోతున్నా, "జాగ్రత్తమ్మా", "జాగ్రత్త బాబూ" అంటూనే ఉంటుంది. ఏడో తరగతితో చదువు ఆగింది. భయానికి చదువు అడ్డం రాదు కాబట్టి అది మాత్రం ఏటేటా పై తరగతికి వెళ్తూనే ఉంది. మబ్బు పడితే పిడుగు పడ్డట్టే లెక్క. ఫోన్ రెండుసార్లు మోగి ఆగితే ఆసుపత్రి నుంచే.

"గీత అంటే?" అంది.

"గీత అంటే సున్నా రాయడానికి కూడా బద్ధకించారని," అన్నాడు భర్త. నీటి సరఫరా విభాగంలో పైపులు బిగించే మనిషి. రాత్రి డ్యూటీ దిగి పగలంతా నిద్రపోవాల్సినవాడు, ఈ ఇంట్లో నిద్ర దొరక్క కళ్ళ కింద సంచులు మోస్తూ తిరుగుతాడు. "మూడేళ్ళకని పైనుంచి గ్రాంటు ఇచ్చారు. మూడేళ్ళూ అయిపోయాయి. ఇక ఊరు తన జేబులోంచి పెట్టుకోవాలి. ఊరి జేబుకి చిల్లు ఎక్కడుందో నాకంటే ఎవరికి తెలుసు, రోజూ అతుకులేసేది నేనే కదా."

"మీకు అన్నీ వేళాకోళాలే."

"ఏడవమంటావా? నిద్రపోయి లేచాక ఏడుస్తాను."

ఆమె కంచం ముందు కూర్చుందే గానీ ముద్ద దిగలేదు. వ్యాను లేకపోతే ఏమవుతుందో వరసగా కళ్ళకు కట్టింది. మామూలు బస్సు మెట్లు మోకాలెత్తు; చక్రాల కుర్చీతో ఎక్కించేవాడు లేడు. రోజూ కారు మాట్లాడుకుంటే పిల్ల కుట్టిన పుస్తకాల కూలి దారిలోనే అయిపోతుంది. పని మానేస్తుంది. పని మానేస్తే ఈ కిటికీ పక్కన కూర్చుంటుంది. ఇవాళ కూర్చుంటే ఎన్నేళ్ళు కూర్చోవాలో! తాము పోయాక? అక్కడి దాకా వెళ్ళి ఆమె ఆలోచన రోజూ ఆగేచోటే ఆగింది.

మర్నాడు ఉదయం వ్యాను వచ్చింది. పసుపు రంగు, పన్నెండు సీట్లు, వెనక తలుపు తీస్తే రేకు పలక కిందికి దిగుతుంది. దాని మీదుగా కుర్చీని లోపలికి తోసి, నాలుగు పట్టీలు బిగించడం డ్రైవర్ పని. బిగించాక ఒక్కొక్కటీ లాగి చూడటం జాగ్రత్తమ్మ పని.

"తమ్ముడూ, నీకేమైనా చెప్పారా?"

"నాకెవరు చెప్తారక్కా? నేను స్టీరింగు. బండి అమ్మేస్తే స్టీరింగుతో కలిపి అమ్మేస్తారు," అన్నాడు డ్రైవర్. "బడ్జెట్ సెక్షన్‌లో ఒక మేడమ్ ఉంది, మంచిది. వెళ్ళి అడుగు. పంతొమ్మిదో తారీకున కౌన్సిల్లో జనం మాట వింటారట. అంతలో ఏదైనా చేయాలి."

"బాబాయ్, టైమైంది," అంది కూతురు లోపల్నుంచి. తల్లి వైపు చూడలేదు.

బడ్జెట్ సెక్షన్ మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఆగిపోతుందన్న భయంతో ఆమె మెట్లెక్కి వెళ్ళింది. గదిలో కాగితాలు బల్లల మీద చాలక కుర్చీల మీద, కుర్చీల మీద చాలక నేల మీద పేర్చి ఉన్నాయి. వాటి మధ్య యాభై ఏళ్ళ ఆవిడ, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని, దానికోసం బల్లంతా వెతుక్కుంటోంది.

"నెత్తిమీదుందండీ," అంది జాగ్రత్తమ్మ.

"నా పనులన్నీ అక్కడే ఉన్నాయి," అంటూ గుమాస్తా కళ్ళజోడు దించుకుంది. "కూర్చోండి. ఆ కట్ట కింద పెట్టండి, అది పార్కులది, పరవాలేదు."

సంగతి విన్నాక గుమాస్తా ఊపిరి వదిలింది. ఎన్నోసారో చెబుతున్న మాటను ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టింది. పైనుంచి వచ్చే గ్రాంటు ఎవరో కళ్ళజోడు కొనుక్కోమని ఇచ్చిన డబ్బులాంటిదట. చెప్పులు తెగిపోయి కాళ్ళు కాలుతున్నా, దాంతో కళ్ళజోడే కొనాలి. కొన్నట్టు రసీదు చూపాలి. వీధిదీపాల గ్రాంటులో మిగులుంది గానీ దాంతో వ్యానులో డీజిలు పోయడానికి వీల్లేదు. ఖర్చు పెట్టకపోతే వెనక్కి పంపాలి.

"అయితే మా వ్యాను గ్రాంటు అయిపోయింది సరే. ఊరు పెట్టుకోదా?"

"అయిపోయిన ప్రతి గ్రాంటుకీ వెనక ఒక బండో, ఒక నర్సో, ఒక గదో మిగులుతాయమ్మా. అందర్నీ పెట్టుకోవాలంటే చాలదు. అందుకే ఒక షరతు పెట్టుకున్నారు. మీ వ్యానుకైతే రోజుకి సగటున ఎనిమిది మంది ఎక్కాలి. పోయిన సంవత్సరం లెక్క ఏడు వచ్చింది."

"ఒక్క మనిషా?" జాగ్రత్తమ్మ గొంతు లేచింది. "ఒక్క మనిషి తక్కువైతే బండి ఆపేస్తారా?"

"నేను ఆపనమ్మా. నేను కూడికలు చేస్తాను." గుమాస్తా కట్టలోంచి డ్రైవర్ రోజువారీ రాసిన షీట్లు తీసి ముందుకు జరిపింది. "చూడండి. చాలా రోజులు ఎనిమిది, తొమ్మిది, పది కూడా ఉన్నారు. కానీ మధ్యమధ్యలో ఉన్నట్టుండి ఒక్కరు, లేదా ఎవరూ లేరు. ఇలాంటివి యాభై మూడు రోజులు. మొత్తం అవే ముంచాయి. డ్రైవర్ కారణం కూడా రాశాడు గానీ నాకర్థం కాలేదు. ఈ అక్క ఎవరు?"

జాగ్రత్తమ్మ వంగి చూసింది. డ్రైవర్ గుండ్రటి అక్షరాలు. 'అక్క ఫోన్ చేసింది, ఎవరూ రాలేదు.' కింద మరో తేదీ. 'అక్క ఫోన్.' ఇంకో తేదీ. 'అక్క ఫోన్. మబ్బు.' 'అక్క ఫోన్. బ్రేకు గురించి పుకారు.' 'అక్క ఫోన్. కల వచ్చిందట.'

షీటు మీద పెట్టిన వేలు వెనక్కి తీసుకుంది.

మొదటి ఏడాదే డ్రైవర్ ఆమె చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ఎక్కే వాళ్ళందరి ఫోన్ నంబర్లు. "మీదే మొదటి స్టాపక్కా. బండి ఆలస్యమైతే మిగతావాళ్ళకి నువ్వొక్క మాట చెప్పు, పాపం ఎండలో నిలబడకుండా," అన్నాడు. మంచికే ఇచ్చాడు. ఆమె కూడా మంచికే పుచ్చుకుంది. ఆలస్యమైతే చెప్పేది. తర్వాత గాలి గట్టిగా వీచినా చెప్పడం మొదలుపెట్టింది. "మా అమ్మాయిని పంపట్లేదమ్మా ఇవాళ, మీ ఇష్టం" అనేది. మొదటి స్టాపు తల్లి పంపట్లేదంటే రెండో స్టాపు తల్లి ఎలా పంపుతుంది? ఒకసారి నిజంగానే వంతెన దగ్గర నడుములోతు నీళ్ళొచ్చాయి. ఆ ఒక్కరోజు ఆమె మాటకి మూడేళ్ళ విలువ తెచ్చిపెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఎదురు చెప్పలేదు.

"ఏమోనండీ, ఎవరో," అంది. లేచి మెట్లు దిగింది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పంతొమ్మిదో తారీకు దాకా పది రోజులు. బేకరీ నడిపే ఆవిడ ఫోన్ చేసింది; ఆవిడ కొడుక్కి చూపు లేదు, అదే కేంద్రంలో కాగితాలు మడతపెడతాడు. "ఏమమ్మా జాగ్రత్తమ్మా, బండి ఆగిపోతుందట కదా! మనకే ఎందుకు ఇలా రాసిపెట్టి ఉంటుందో! ఆఫీసుల్లో వాళ్ళకి కడుపు నిండి కూర్చుంటే మన కష్టం తెలుస్తుందా?" అని అరగంట తిట్టింది. ఆ తిట్లు ఆఫీసుకి చేరే దారిలో ఒక్కొక్కటీ ఈమె నెత్తిమీదుగా పోతున్నట్టనిపించింది. ఊఁ కొట్టింది. ఊఁ కొట్టి కొట్టి నాలుక ఎండిపోయింది.

జనం మాట వినేది సాయంత్రం. పని నుంచి అందర్నీ ఇళ్ళకి దించేశాక వ్యాను మళ్ళీ తిరగదు. అందుచేత ఆ వ్యాను ఎవరికి కావాలో వాళ్ళెవరూ రాలేరు. కూతురు రెండు నిమిషాలకు సరిపోయేలా ఒక కాగితం రాసి తల్లి చేతికిచ్చింది.

"చూసి చదువు. మధ్యలో నీ సొంతం కలపకు."

"నాకు గుండె ఆగిపోతుందే అక్కడ."

"ఆగదమ్మా. నీ గుండె ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెడితే ఈపాటికి దానికీ గ్రాంటు వచ్చేది."

ఆమె కూతురి మొహంలోకి చూసింది. పిల్ల నవ్వుతూనే ఉంది గానీ, ఆ నవ్వు వెనక ఏదో ఉంది.

"నువ్వు పనికి వెళ్ళని రోజులు... కూలి ఎంత పోయింది నీకు?"

కూతురు సూదిలో దారం ఎక్కిస్తూ, "అది ఇప్పుడెందుకమ్మా," అంది. "కాగితం రెండుసార్లు చదువుకో."

సమావేశ మందిరంలో కుర్చీలు గట్టివి, వెలుతురు తెల్లగా కళ్ళలో పొడిచేది. వెనకాల తలుపులెన్ని ఉన్నాయో, నిప్పంటుకుంటే దేన్లోంచి పోవాలో ముందే చూసుకుంది. పక్కన కూర్చున్న భర్త పది నిమిషాల్లో గడ్డం ఛాతీమీద వాల్చేశాడు. బడ్జెట్ గుమాస్తా ఒక మూల కట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ముందు ఒకాయన మురుగుకాలువ గురించి మాట్లాడాడు. ఆయన రెండు నిమిషాలూ అయిపోయి ఎర్ర దీపం వెలిగినా, కాలువలాగే ఆగలేదు. తర్వాత ఒకావిడ ఈతకొలను టికెట్టు ధర గురించి. తర్వాత ఈమెను పిలిచారు.

నిలబడింది. కాగితం విప్పింది. 'గౌరవనీయులైన సభ్యులకు' దాకా చదివింది. రెండో వరసలో కూతురు రాసిన మాట, 'మేము ఆ వ్యానును రోజూ వాడుకుంటున్నాము.'

అక్కడ ఆగిపోయింది. రోజూ! ఎంత నమ్మకంగా రాసింది పిల్ల! తల్లి పరువు కాపాడటానికే రాసిందని ఆ క్షణంలో తెలిసింది.

"చదవండమ్మా," అన్నాడు అధ్యక్షుడు. "టైము నడుస్తోంది."

"చదవనండీ," అంది. "మీ షీట్లలో అక్క అని రాసి ఉంటుంది చూడండి. ఆ అక్కని నేనే."

మూల కూర్చున్న గుమాస్తా తలెత్తింది.

"యాభై మూడు రోజులు ఎవరూ ఎక్కలేదని ఉంది. వాళ్ళు రాకూడదనుకుని కాదు. నేను ఫోన్ చేసి ఆపాను. మబ్బేసిందని ఆపాను, గాలొచ్చిందని ఆపాను. ఒకసారి కలొచ్చిందని ఆపాను." వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. "నవ్వండి, తప్పులేదు. నా పిల్లకి ఏమైనా అవుతుందని భయం. నా పిల్ల ఒక్కత్తే ఇంట్లో ఉంటే అందరి పిల్లలూ వెళ్ళారే అని మళ్ళీ బాధ. అందుకని అందర్నీ ఆపాను. బండి ఖాళీగా తిరిగింది నావల్ల. ఖాళీగా తిరిగిందని మీరు తీసేస్తున్నారు. కాబట్టి తీసేస్తున్నది నేనే. శిక్ష మాత్రం ఆ పిల్లలకి పడుతోంది."

ఆమె కూర్చోబోయి, కూర్చోవచ్చో లేదో తెలియక సగంలో ఆగింది. భర్త ఎప్పుడు లేచాడో, కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తున్నాడు.

ఒక సభ్యురాలు మైకు దగ్గరికి లాక్కుంది. "అమ్మా, మీరు ఫోన్ చేయకపోతే బండి నిండేదంటారా?"

అవునంటే సరిపోయేది. ఆమె నోటికి అబద్ధం కూడా వచ్చింది. కానీ ఆ సాయంత్రానికి ఒక నిజం చెప్పేసరికే ఒంట్లో సత్తువ అయిపోయింది, ఇక అబద్ధం మోసే ఓపిక లేదు. "తెలియదండీ. మిగతా రోజులు చూడండి," అంది.

గుమాస్తా లేచి నిలబడింది. "ఆ రోజులు తీసేస్తే సగటు ఎనిమిదిన్నర వస్తుంది, సార్."

"బాగా రాని రోజులు తీసేస్తే ఎవరి లెక్కైనా బాగానే వస్తుంది," అన్నాడు ఆర్థిక అధికారి. మనిషి చెడ్డవాడిలా లేడు, నిద్ర చాలనివాడిలా ఉన్నాడు. "రేపు ప్రతి గ్రాంటువాళ్ళూ ఇదే అడుగుతారు. ఫలానా రోజు లెక్కలోంచి తీసేయండి అని."

వాళ్ళలో వాళ్ళు చాలాసేపు మాట్లాడుకున్నారు. ఆమెకి సగమే అర్థమైంది. రెయిలింగుల రంగు అన్నారు, వాయిదా అన్నారు. చివరికి అధ్యక్షుడు చదివాడు. ఈ సంవత్సరం రెయిలింగులకు రంగు వేయడం ఆపి, ఆ మొత్తంతో వ్యానును ఊరి సొంత ఖర్చు మీద ఆరు నెలలు నడుపుతారు. ఆ ఆరు నెలల్లో సగటు ఎనిమిదికి తగ్గితే ఆగిపోతుంది. లెక్క డ్రైవర్‌తో పాటు ప్రయాణికుల తరఫున కూడా ఒకరు రాయాలి.

"ఆ ఒకరు ఎవరో పేరు చెప్పండి," అన్నారు.

అందరూ ఆమె వైపే చూశారు. ఆమె చేతులు రెండూ అడ్డంగా ఊపింది. "నేను వద్దండీ. నన్ను మాత్రం నమ్మకండి. మా అమ్మాయి పేరు రాసుకోండి."

ఇద్దరూ బయటికి వచ్చారు. వీధిదీపాలు దాటుకుంటూ నడిచారు.

"కలొచ్చిందని ఆపావా?" అన్నాడు భర్త.

"ఊఁ."

"ఏం కల?"

"ఇప్పుడు గుర్తులేదు."

"యాభై మూడు రోజుల్లో అన్నిటికంటే అదే బాధగా ఉంది నాకు," అన్నాడు. ఆమెకి నవ్వొచ్చింది, వెంటనే కళ్ళ నీళ్ళొచ్చాయి, నడుస్తూనే కొంగుతో తుడుచుకుంది.

కూతురు మేలుకునే ఉంది. జరిగిందంతా తండ్రి చెప్పాడు. తల్లి గోడకి ఆనుకుని, తీర్పు వినేదానిలా నిలబడింది.

"నీకు ముందే తెలుసు కదూ?" అంది.

"వ్యానులో అందరికీ తెలుసమ్మా. బాబాయి మర్నాడు షీటు రాసేది నా పక్కనే కూర్చుని."

"మరి ఒక్క మాట అనలేదేమే?"

కూతురు కుర్చీ తల్లి వైపు తిప్పింది. "అంటే ఆపేదానివా?"

దాని జవాబు కూతురికి ముందే తెలిసినదే.

"ఆ నంబర్ల కాగితం ఇలా ఇవ్వు," అంది కూతురు.

అది బియ్యం డబ్బా మూత కింద ఉంది, మూడేళ్ళ చేతి తడికి అంచులు మెత్తబడి. ఇచ్చేటప్పుడు ఒక క్షణం వేళ్ళు వదల్లేదు. కూతురు లాగలేదు, చేయి చాపి అలాగే ఉంచింది. ఇచ్చింది.

అందరికీ ఫోన్లు కూతురే చేసింది. మాట్లాడుతుంటే బేకరీ ఆవిడ గొంతు గదంతా వినిపించింది. "మీ అమ్మని ఒకసారి ఇవ్వు." ఇచ్చింది. "నువ్వేనా! పది రోజులు నా చేత ఆఫీసువాళ్ళని తిట్టించావు కదే తల్లీ! ఊఁ కొడుతూ కూర్చున్నావు! ఇక నువ్వు ఫోన్ చేస్తే ఎత్తను, చెప్తున్నా." కాస్త ఆగి, "అవునుగానీ, ఆ వంతెన ఎత్తు పెంచే పని పూర్తయిందో లేదో నీకేమైనా తెలుసా?" అంది. తెలియదని చెప్పి జాగ్రత్తమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసింది. అది చెప్పడం ఆమెకి చాలా కష్టమైంది. తెలుసు మరి. పూర్తి కాలేదు. నీళ్ళు లేవు గనక బండి పోతుంది, అంతే.

కొత్త లెక్క మొదలైన రోజు ఉదయం వ్యాను వచ్చింది. డ్రైవర్ తల వంచుకుని పట్టీలు బిగించాడు.

"అక్కా, నేను కావాలని రాయలేదు. కారణం రాయమన్నారు, రాశాను."

"బాగానే రాశావులే. ఇవాళ ఎందరొస్తారు?"

"నాకేం తెలుసు? ఇన్నాళ్ళూ నువ్వే కదా చెప్పేదానివి," అని, అన్నాక నాలుక కరుచుకున్నాడు.

ఆమె పట్టీలు లాగి చూడటానికి చేయి చాపింది. కూతురు ఒళ్ళో కొత్త పుస్తకం ఉంది, తనే కుట్టుకున్నది, మొదటి పేజీలో తేదీ వేసి ఉంది. పెన్ను మూత తీసి, "అమ్మా, రేపటి నుంచి నువ్వు బండి దాకా రాకు. గుమ్మం దగ్గరే ఉండు," అంది. కోపంగా అనలేదు. అలసటగా కూడా అనలేదు. పేజీలో 'ఒకటి' అని వేసి తన పేరు రాసుకుంటూ అంది.

చాపిన చేతిని ఏం చేయాలో తెలియక ఆమె రేకు పలక అంచు తుడిచింది. తలుపు పడింది.

వ్యాను సందు చివర దాకా వెళ్ళి రెండో స్టాపు దగ్గర ఆగడం ఇక్కడికి కనిపిస్తుంది. ఆమె మెడ సాచి చూసింది. ఒక ఊతకర్ర ఎక్కింది. దాని వెనక ఇంకెవరో. ఆ ఇంకొకరు ఎక్కడానికి వచ్చిన మనిషో, సాగనంపడానికి వచ్చిన తల్లో తేలకముందే బండి కదిలి మలుపు తిరిగింది. తన పిల్లతో కలిపి రెండో, మూడో. ఇంకా ఆరు స్టాపులున్నాయి. ఆరు నెలలున్నాయి.

లోపల భర్త గురక మొదలైంది. ఆమె గుమ్మంలో కాసేపు నిలబడి, ఆకాశం వైపు చూడకుండానే లోపలికి వెళ్ళి అంట్లు ముందేసుకుంది.